సభ్య ఎఫ్‌పీవోలకు వెళ్లే సమాచార పత్రం: ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఏం వేయాలి? మహాజన సభ తేదీలు ఎలా లెక్కేయాలి?

పత్రం_పని

మా రాష్ట్ర సంఘం నుంచి సభ్య రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు (ఎఫ్‌పీవోలకు) నెలకోసారి రెండు పేజీల సమాచార పత్రం వెళ్తుంది. వాట్సాప్‌లో పీడీఎఫ్. చదివేది సీఈవో, అకౌంటెంట్, మహా అయితే ఒకరిద్దరు డైరెక్టర్లు. వచ్చే సంచికలో నవంబర్ దాకా ఉన్న తేదీలన్నీ ఒకచోట పెట్టాలి. ఇన్నాళ్లూ "సెప్టెంబర్ 30 లోపు మహాజన సభ (సభ్యులందరి వార్షిక సభ) జరుపుకోవాలి" అని ఒక్క ముక్క వేసి ఊరుకుంటున్నాం. దాంతో సెప్టెంబర్ 20 దాటాక ఫోన్లు మొదలవుతాయి: నోటీసు ఇవ్వలేదు, ఆడిట్ కాలేదు, ఇప్పుడెలా అని.

అడగాల్సినవి ఇవి. సభ తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తే ఏ పని ఎప్పటికి అయిపోవాలి? నోటీసుతో పాటు ఏయే కాగితాలు వెళ్లాలి? కోరం (సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) విషయంలో ఎక్కువమంది ఎక్కడ దెబ్బతింటున్నారు? ప్రదర్శనలు, కొనుగోలుదారుల సమావేశాల కబురులో తేదీ, చోటు కాక ఇంకేం రాయాలి? పత్తి, వరి కొనుగోళ్ల గురించి సభ్యులకు ముందే చెప్పాల్సింది ఏమిటి?

లెక్కలపద్దు

మహాజన సభ సంగతి చెప్తాను. మిగతావి తెలిసినవాళ్లు అందుకుంటారు.

ముందు చట్టం. 2021 ఫిబ్రవరి నుంచి ఉత్పత్తిదారుల కంపెనీలు 2013 కంపెనీల చట్టం 21ఏ అధ్యాయం కిందికి వచ్చాయి. సభకు సంబంధించింది 378జెడ్‌ఏ సెక్షన్. పాత బైలాల్లో 581 అని మొదలయ్యే నంబర్లు ఇంకా కనిపిస్తుంటాయి. అవి 1956 చట్టంవి, తీర్మానాల్లో వాటిని రాయకండి.

రెండు వార్షిక సభల మధ్య 15 నెలలు మించకూడదు. అందరూ సెప్టెంబర్ 30 ఒక్కదాన్నే చూస్తారు, ఇది మరిచిపోతారు. పోయిన ఏడాది జూన్‌లోనే సభ పెట్టేసిన కంపెనీకి ఈ ఏడాది సెప్టెంబర్ చివరికి 15 నెలలు నిండిపోతాయి. కొత్తగా రిజిస్టరైన కంపెనీ మొదటి సభ 90 రోజుల్లో జరగాలి. మామూలు వార్షిక సభకైతే కంపెనీల రిజిస్ట్రార్ 3 నెలల దాకా గడువు పొడిగించగలరు గానీ మొదటి సభకు ఆ వెసులుబాటు లేదు.

ఇక వెనక్కి లెక్క. సెప్టెంబర్ 24న సభ అనుకోండి.

నోటీసు రాతపూర్వకంగా, కనీసం 14 రోజుల ముందు సభ్యులందరికీ, ఆడిటర్‌కీ వెళ్లాలి. పంపిన రోజు, సభ రోజు లెక్కలోకి తీసుకోకండి. పోస్టులో వెళ్లేవాటికి ఇంకో వారం కలుపుకోండి. అంటే సెప్టెంబర్ 2కల్లా నోటీసులు బయటపడాలి. నోటీసుతో పాటు ఆడిటైన బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతా, బోర్డు నివేదిక కూడా వెళ్లాలి కాబట్టి వాటిని ఆమోదించే బోర్డు సమావేశం ఆగస్టు 28-29 నాటికి జరిగిపోవాలి. బోర్డు సమావేశానికి 7 రోజుల నోటీసు, అంటే ఆగస్టు 20. బోర్డుకు కోరం మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు, ఎంత తక్కువైనా ముగ్గురు. ఆడిటర్‌కు నెల రోజులు ఇస్తే పుస్తకాలు జూలై 15 నాటికి ఆయన బల్ల మీద ఉండాలి. అందుకే ఆగస్టు సంచికలో "సభ జరుపుకోండి" అని రాస్తే అప్పటికే ఆలస్యం. ఆ కబురు జూన్ సంచికలో వెళ్లాలి. ఆగస్టులో రాయాల్సింది "బోర్డు సమావేశం నోటీసు పంపారా?" అని.

నోటీసుకు జత చేయాల్సినవి: ఎజెండా, కిందటి మహాజన సభ మినిట్స్, డైరెక్టర్లుగా పోటీ చేసేవాళ్ల పేర్లు, అర్హతలు, పైన చెప్పిన లెక్కలు, ఆడిటర్ నియామకం ముసాయిదా తీర్మానం, మెమోరాండం (కంపెనీ స్థాపన పత్రం) గానీ ఆర్టికల్స్ (కంపెనీ సొంత నియమాలు) గానీ మారుస్తుంటే ఆ ముసాయిదా. బోర్డు నివేదికలో రిజర్వుకు ఎంత తీస్తున్నారు, షేరు మీద పరిమిత రాబడి ఎంత, సభ్యుడు కంపెనీతో చేసిన వ్యాపారాన్ని బట్టి ఇచ్చే ప్యాట్రనేజ్ బోనస్ ఎంత అనేవి విడివిడిగా ఉండాలి. అభ్యర్థుల పేర్లు నోటీసులోనే పోవాలి గనుక నామినేషన్లు దానికంటే ముందే ముగియాలి. సభలో లేచి "మా ఊరి నుంచి ఫలానాయన" అని పేరు చెప్పడం, చప్పట్లతో ఎన్నుకోవడం చాలాచోట్ల జరుగుతోంది. ఓడినవాడు అభ్యంతరం పెడితే ఆ ఎన్నిక నిలబడటం కష్టం.

ఆడిట్ ఆగేది సాధారణంగా మూడు చోట్ల. ఒకటి, మార్చి 31 నాటి సరుకు నిల్వ. కోల్డ్ స్టోరేజీలో మిర్చి ఉంటే బస్తాల సంఖ్య, లాట్ నంబర్లతో ఆ తేదీకి స్టోరేజీవాళ్ల ధ్రువపత్రం కావాలి. జూలైలో వెళ్లి అడిగితే అప్పటికి కొంత సరుకు అమ్ముడైపోయి లెక్క కలవదు. రెండు, షేరు డబ్బు తీసుకుని షేర్లు కేటాయించకపోవడం. 60 రోజులు దాటితే అది డిపాజిట్ కింద లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. మూడు, ఈక్విటీ గ్రాంటు. కేంద్ర 10,000 ఎఫ్‌పీవోల పథకంలో సభ్యుడికి 2,000 రూపాయల దాకా, కంపెనీకి 15 లక్షల దాకా వచ్చే ఈ సొమ్ము సభ్యుల పేర షేర్లుగా మారాలి. దాన్ని ఆదాయంలో చూపించేస్తే లాభం ఉబ్బిపోతుంది, పన్ను లెక్క చెడుతుంది.

సభ అయ్యాక: రిజిస్ట్రార్‌కు ఫారాలు వేయాలి. కొత్తగా ఆడిటర్‌ను నియమిస్తే ఆ సంగతి తెలిపే ఏడీటీ-1 15 రోజుల్లో, లెక్కల ఫారం ఏఓసీ-4 30 రోజుల్లో, వార్షిక రిటర్ను ఎంజీటీ-7 (చిన్న కంపెనీ అయితే 7ఏ) 60 రోజుల్లో. చివరి రెండింటికీ ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, దానికి పైపరిమితి లేదు. రెండు ఫారాలు ఆరు నెలలు పడుకున్నాయంటే 36,000 రూపాయలు పోయినట్టే. సీఈవో సగటు నెల జీతం కంటే ఎక్కువే అనుకుంటా.

పత్రం_పని

చాలా ఉపయోగం అండీ. రెండు అనుమానాలు. ఆదివారమైతే జనం వస్తారని కొందరు ఆదివారమే పెడుతున్నారు, పర్వాలేదా? రెండోది, 600 మంది సభ్యులుంటే వచ్చేది 80 మంది. అప్పుడేం చేయాలి?

లెక్కలపద్దు

ఆదివారం వద్దు. సభ పనివేళల్లో, ప్రభుత్వ సెలవు కాని రోజున జరగాలని సెక్షన్‌లోనే ఉంది. చోటు కూడా రిజిస్టర్డ్ ఆఫీసు, లేకపోతే ఆ ఆఫీసు ఉన్న ఊళ్లోనే ఇంకోచోట. ఆఫీసు ఊళ్లో ఉంటే మండల కేంద్రంలో ఫంక్షన్ హాలు బుక్ చేసి సభ పెట్టడం కుదరదు. భోజనాలకు అదే వీలని చాలామంది చేసే పని ఇదే.

కోరం మొత్తం సభ్యుల్లో నాలుగో వంతు. ఆర్టికల్స్‌లో అంతకంటే ఎక్కువ రాసుకుంటే అదే లెక్క. 600 మందికి 150. ఇది రిజిస్టర్‌లో ఉన్న పేర్ల మీద లెక్క. చనిపోయినవాళ్ల పేర్లు అలాగే ఉంటే కోరం ఊరికే పెరుగుతుంది. సభ్యుడైన 3 నెలల్లో నామినీ పేరు ఇవ్వాలన్నది నియమం. ఆ పత్రాలు ఉంటే షేరు నామినీకి మార్చేయొచ్చు. జూలైలోనే ఊరివారీగా జాబితా తీసి ఎవరున్నారు, ఎవరు లేరు సరిచూసుకుంటే సెప్టెంబర్‌లో తలనొప్పి సగం తగ్గుతుంది.

హాజరు సంతకం సభ చోటులోనే, ఫోలియో నంబరు (సభ్యుల రిజిస్టర్‌లో ఆ సభ్యుడి నంబరు) ఎదురుగా తీసుకోవాలి. ఊరూరా పుస్తకం తిప్పి సంతకాలు పెట్టించి "అందరూ వచ్చారు" అని రాసుకోవడం కోరం కాదు, దొంగ రికార్డు.

కోరం లేక వాయిదా పడితే: చట్టంలోని 103వ సెక్షన్ అరగంట చూసి వచ్చేవారం అదే రోజుకు వాయిదా వేయమంటుంది, వాయిదా సభకు వచ్చినవాళ్లే కోరం అంటుంది. కానీ ఉత్పత్తిదారుల కంపెనీకి 378జెడ్‌ఏ విడిగా నాలుగో వంతు అంటోంది. కాబట్టి మీ ఆర్టికల్స్‌లో వాయిదా సభ గురించి ఏం రాసుకున్నారో కంపెనీ సెక్రటరీకి చూపించి ముందే రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. సభ రోజు మైకు ముందు తేల్చుకునే విషయం కాదు.

ఊరి సంత రోజు, యూరియా లోడు దిగే రోజు తప్పించండి. యూరియా వచ్చిందంటే బ్యాలెన్స్ షీటు వినేవాడెవడూ ఉండడు.

ఇంకోటి, పత్రంలో చిన్న పెట్టెలో వేయండి: సీఈవో కంపెనీలో సభ్యుడై ఉండకూడదు. సభ్యుడైన డైరెక్టరే సీఈవోగా జీతం తీసుకుంటున్న కంపెనీలు ఉన్నాయి, ఆడిటర్ రాస్తే చిక్కు.

స్టాల్_14

ప్రదర్శనల గురించి. తేదీ, చోటు అందరూ వేస్తారు. సభ్యుడికి కావాల్సింది ఇది: స్టాల్ ఎంత, అందులో ఏమిస్తారు, ఏం ఇవ్వరు, ఎవరు కొనడానికి వస్తున్నారు, నమూనాలు ఎప్పటికి సిద్ధం కావాలి.

మామూలు స్టాల్ 3 మీటర్లు x 3 మీటర్లు. ఒక టేబుల్, రెండు కుర్చీలు, రెండు మూడు లైట్లు, ఒక 5 ఆంపియర్ ప్లగ్గు. అక్కడికి నూనె గానుగ, పిండి మర పట్టుకెళ్లి నడపాలంటే 15 ఆంపియర్ల కనెక్షన్‌కు ముందే రాసి, విడిగా డబ్బు కట్టాలి. లేకపోతే మెషీన్ బొమ్మలా నిలబడుతుంది.

నమూనా 200 గ్రాముల జిప్ కవరు, ఒక్కో రకానికి 25-30 కవర్లు. కవరు మీద రకం, కోత నెల, తేమ శాతం, ఎన్ని క్వింటాళ్లు ఇవ్వగలరు, ఎప్పటిదాకా, ఎక్కడినుంచి లోడింగ్ అనేవి రాయాలి. "నాణ్యమైన మిర్చి" అని రాస్తే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు. తేజా, 334 అని రకం చెప్పాలి. ఎగుమతిదారు అడిగేది రంగు విలువ, కారం, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం). ఐరోపాకు వెళ్లే ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 దాటకూడదు. పసుపుకైతే కుర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) శాతం. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. కార్యక్రమానికి మూడు వారాల ముందు నమూనా ఇస్తే రిపోర్టు చేతిలో పట్టుకుని కూర్చోవచ్చు. ల్యాబ్‌కు ఇచ్చిన నమూనా, స్టాల్‌లో పెట్టిన నమూనా, తర్వాత లోడు చేసే సరుకు మూడూ ఒకే లాటువి కావాలి. మంచి కాయ ఏరి నమూనా చేసి, లారీలో తాలుకాయ కలిపి పంపితే ఆ కొనుగోలుదారు మళ్లీ ఫోన్ ఎత్తడు.

పొడులు, పచ్చళ్లు అమ్మేవాళ్లు ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు, తయారీ తేదీ, నికర బరువు, ఎమ్మార్పీ చూసుకోండి. సూపర్‌మార్కెట్‌వాళ్లు రుచి చూడకముందే ప్యాకెట్ తిప్పి వెనకవైపు చూస్తారు.

తెల్లబంగారం

పత్తి: సీసీఐకి (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థకు) అమ్మాలంటే "కపాస్ కిసాన్" యాప్‌లో పేరు నమోదు, తర్వాత స్లాట్ బుకింగ్. సభ్యుల ఆధార్, బ్యాంకు ఖాతా, పత్తి వేసిన విస్తీర్ణం రికార్డు మూడూ ఒకే పేరుతో కలవాలి. తండ్రి పేర పాసుపుస్తకం, కొడుకు పేర ఖాతా ఉన్నచోటే ఎక్కువ ఆగుతున్నాయి. మీ పత్రంలో సెప్టెంబర్‌లోనే "ఫోన్ నంబరు ఆధార్‌కు కలిసి ఉందా?" అని వేయండి. స్లాట్ రోజున ఓటీపీ రాకపోతే లోడు తిరిగి ఇంటికే.

తేమ లెక్క 2025-26 మద్దతు ధరతో చెప్తాను, ధర ఏటా మారినా లెక్క పద్ధతి ఇదే. పొడవు పింజ క్వింటాలుకు 8,110 రూపాయలు, 8 శాతం తేమ దాకా పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు కోత. 12 శాతం దగ్గర 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే తీసుకోరు. మొదటి తీత పత్తి మంచుతో తడిసి ఉంటుంది. పొద్దున్నే తీసి అదే రోజు లోడు వేస్తే కోత ఖాయం. మంచు ఆరాక తీయాలి, రెండు ఎండలు పెట్టాలి. కంపెనీ ఒక తేమ మీటర్ కొని పెట్టుకుంటే సభ్యులు లోడు ఎత్తకముందే చూసుకుంటారు. ప్లాస్టిక్ సంచుల్లో వద్దు, దాని పోగులు పింజలో కలుస్తాయి.

వరికి తేమ 17 శాతం లోపు. ముడుచుకున్న, పాలు పట్టని గింజ 3 శాతం, రంగు మారినవి, మొలకెత్తినవి, పుచ్చినవి అన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. తూర్పారబట్టకుండా తెస్తే తాలు పేరుతో తరుగు తీస్తారు, అక్కడే గొడవ. ఆంధ్రాలో ఈ-పంట నమోదు జాబితా రైతు సేవా కేంద్రంలో పెట్టినప్పుడే పేరు, సర్వే నంబరు, పంట చూసుకోవాలి. కొనుగోలు రోజున దిద్దించడం అవదు.

పత్రం_పని

అందరికీ ధన్యవాదాలు. ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి:

"ఆగస్టు 20: బోర్డు సమావేశం నోటీసు పంపాలి (బాధ్యత: సీఈవో). ఆగస్టు 28: బోర్డు లెక్కలు ఆమోదించాలి (ఛైర్మన్). సెప్టెంబర్ 2: సభ్యులందరికీ, ఆడిటర్‌కు మహాజన సభ నోటీసు, 6 జతలతో (అకౌంటెంట్). నామినేషన్లకు చివరి తేదీ: సెప్టెంబర్ 10."

లెక్కలపద్దు

నామినేషన్ల తేదీ మార్చండి. సెప్టెంబర్ 2న వెళ్లే నోటీసులో పేర్లు ఉండాలంటే అవి ఆగస్టు 26కే ముగియాలి, 28న బోర్డు వాటిని చూసుకోవాలి. మిగతాది సరిగ్గా ఉంది. "6 జతలు" అని ఊరుకోకండి, ఆరింటి పేర్లూ రాసేయండి. లేకపోతే మళ్లీ మీకే ఫోన్ చేస్తారు.