పౌలు ఓడ బద్దలైంది మాల్టాలోనా, మ్లియెట్‌లోనా?

బెరయవాసి:
బైబిల్లో లూకా రాసిన అపొస్తలుల కార్యములు 28:1లో, ఖైదీగా రోముకు పోతున్న అపొస్తలుడు పౌలు ఓడ పగిలిన ద్వీపం పేరు మెలితే. అందరూ మాల్టా అనేసి ముందుకు వెళ్లిపోతారు. కానీ ఆ కాలంలో ఆ పేరు ఇంకో ద్వీపానికీ ఉంది, ఇప్పటి క్రొయేషియా తీరంలోని మ్లియెట్. 10వ శతాబ్దంలో బైజాంటియం చక్రవర్తి ఏడో కాన్‌స్టంటైన్ పౌలు మంటలో పుల్లలు వేస్తుంటే చేతిని పాము పట్టింది అక్కడేనని రాశాడు. 1730లో దుబ్రోవ్నిక్‌కు చెందిన బెనెడిక్టైన్ సన్యాసి ఇగ్న్యాత్ జుర్జెవిచ్ ఇదే వాదనతో వెనిస్‌లో ఏకంగా పుస్తకం వేశాడు.

లూకా ‘అద్రియ సముద్రం’ అన్నాడు, మాల్టా అందులో లేదు. మాల్టాలో మనిషిని చంపే పాము ఒక్కటీ లేదు. మ్లియెట్‌లోనో, పాముల బెడద తగ్గించడానికి 1910లో ముంగిసల్ని (మన దేశపు జాతే) తెచ్చి వదిలారు. పైగా మాల్టా అలెక్సంద్రియ నావికులకు కొట్టిన పిండి. తెల్లారాక కూడా ఆ దేశమేదో గుర్తుపట్టలేదంటే నమ్మాలా?

తెరచాప:
బెరయవాసి గారూ, పేర్లు కాసేపు పక్కన పెట్టి గాలి సంగతి చూడండి. ఆ ఓడను పట్టిన ఊరకులోను తూర్పు ఈశాన్యం నుంచి కొట్టే గాలి. క్రేతు దగ్గరి కౌద ద్వీపం చాటుకు రాగానే నావికులు ఏం చేశారు? వెనక లాగుతున్న పడవను కష్టపడి పైకెక్కించారు. ఓడ అడుగు నుంచి తాళ్లు చుట్టి బిగించారు. ఒకే పెద్ద స్తంభం, ఒకే పెద్ద చాప ఉన్న ఓడలో బరువంతా ఒకచోటే పడి, పలకల అతుకులు విడిపోయి నీళ్లు లోపలికొస్తాయి, అందుకని. తర్వాత పై సరంజామా దించారు. గాలికి వదిలేస్తే ఓడ నేరుగా లిబియా తీరంలోని సూర్తిసు ఇసుకతిప్పల మీదికి పోతుంది. తప్పించుకోవాలంటే మూతి ఉత్తరానికి తిప్పి, గాలిని కుడి పక్కన పెట్టుకుని, చిన్న చాపతో నిలవాలి. అప్పుడు ఓడ పక్కవాటుగా పడమరకు జారుతుంది, కాస్త ఉత్తరం వైపు మొగ్గుతూ.

ఆ జారుడు వేగం ఈ ప్రయాణంపై పుస్తకం రాసిన స్కాట్లండ్ నావికుడు జేమ్స్ స్మిత్ 1848లో లెక్కగట్టాడు. రోజుకు దాదాపు 36 నాటికల్ మైళ్లు. కౌద నుంచి మాల్టా సుమారు 476. భాగించండి, పదమూడు రోజులు దాటుతుంది. పదునాలుగో రాత్రి నేల దగ్గరైనట్టు అనిపించిందని లూకా రాశాడు. మ్లియెట్‌కైతే ఉత్తర వాయవ్యంగా పోవాలి, మధ్యలో గ్రీసు దక్షిణ భాగమైన పెలొపొనేసస్ నేల అడ్డం. నలుచదరపు చాప ఓడ ఈశాన్య గాలిలో అలా ఎక్కలేదు.

బెరయవాసి:
లెక్క బాగుంది తెరచాప గారూ, కానీ పద్నాలుగు రోజులూ ఒకే గాలి వీచిందని ఎవరన్నారు? లూకా గాలి పేరు చెప్పింది మొదటి రోజుకే. తర్వాత ‘ఇటు అటు కొట్టుకొనిపోయాము’ అన్నాడు. చలికాలంలో ఆగ్నేయం నుంచి సిరోకో అనే గాలి లేస్తే ఓడలను అద్రియాటిక్ లోపలికి నెట్టేస్తుంది.

రోమా రహదారి:
సిరోకో నెట్టిందనే అనుకుందాం. తర్వాతి ప్రయాణం చూడండి. మూడు నెలలాగి, ఆ ద్వీపంలోనే చలికాలం గడిపిన అలెక్సంద్రియ ఓడెక్కారు. ఆ ఓడలు ఐగుప్తు (ఈజిప్టు) ధాన్యాన్ని రోముకు చేరవేసేవి. సిసిలీ కిందుగా పోయే ఓడకు మాల్టాలో ఆగడం సహజం, అద్రియాటిక్‌లో అంత లోపలికి పోయి ఆగడానికి పనేముంది? అక్కడి నుంచి సిసిలీలోని సురకూసై, ఇటలీ కొసన జలసంధి దగ్గరి రేగియు, రోముకు దారితీసే రేవు పొతియొలీ. మాల్టా నుంచి ఇది తిన్నటి దారి. మ్లియెట్ నుంచి వచ్చేవాళ్లకు ముందు రేగియు తగులుతుంది, సురకూసై దానికి దక్షిణాన ఉంది. జలసంధి దాటాల్సినవాళ్లు దాన్ని వదిలి కిందికి దిగి, మళ్లీ పైకి వస్తారా? అసలు మ్లియెట్‌లో ఉంటే ఖైదీలకు కాపలా ఉన్న శతాధిపతి యూలి వాళ్లను ఎదుటి ఇటలీ తీరంలోని బ్రుండిసియం రేవుకు దాటించి, రోముకు పోయే అప్పియా దారిన నడిపించుకుపోయేవాడు.

అద్రియ అంటే నేటి అద్రియాటిక్ ఒక్కటే కాదు. దాదాపు ఆ కాలంలోనే యూదు చరిత్రకారుడు జోసీఫస్ రోముకు పోతూ ‘అద్రియ మధ్యలో’ ఓడ మునిగిందని రాశాడు. దాదాపు 600 మంది ఉన్న ఓడ. రాత్రంతా ఈదితే, ఎనభై మంది దాకా కురేనే ఓడ ఒకటి ఎక్కించుకుంది. ఆఫ్రికా తీరపు కురేనే ఓడ మ్లియెట్ వైపు ఎందుకుంటుంది చెప్పండి?

బెరయవాసి:
పాము సంగతి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

శాసనాలు:
ముట్టుకుంటాను. రెండు వేల ఏళ్ల సాగు, పుల్లలేరుకోవడానికి కూడా చెట్టు మిగలనంత నరుకుడు, 316 చదరపు కిలోమీటర్లలో ఐదు లక్షల జనం. అలాంటిచోట పాము జాతి అంతరించిపోవడం వింత కాదు. ఇప్పుడు లేదు కాబట్టి అప్పుడూ లేదనడం తొందరపాటు. మ్లియెట్‌లో ముంగిసలు దిగాక అక్కడా పాములు కనబడటమే అరుదైపోయింది కదా!

నాకు మాత్రం ఆ ద్వీపంలో పౌలు వాళ్లను చేర్చుకున్న పొప్లి బిరుదే బలమైన ఆధారం. లూకా అతన్ని ‘ద్వీపములో ముఖ్యుడు’ అంటాడు, గ్రీకులో ‘ప్రోతోస్’. మాల్టాలో దొరికిన గ్రీకు శాసనంలో ఒక అధికారికి సరిగ్గా ఇదే బిరుదుంది: మెలితే వాసుల ప్రోతోస్.

తెరచాప:
గుర్తుపట్టకపోవడం గురించి ఒక మాట. మాల్టాలో వాళ్లకు తెలిసింది పెద్ద రేవు. ఇప్పుడు సెయింట్ పాల్స్ బే అంటున్న చోటు దానికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. రోజుల తరబడి సూర్యుడూ లేడు, నక్షత్రాలూ లేవు, పైగా తెల్లారాక వాన. ఏ నావికుడికైనా కష్టమే.

అయితే ఏ అఖాతమన్నది వేరే తగువు. బుడుదు (లోతు కొలిచే తాడు గుండు) వేస్తే ముందు ఇరవై బారలు, కాస్త పోయాక పదిహేను, అంటే దాదాపు 37 మీటర్లు, ఆపై 28. ఈ లోతులు సెయింట్ పాల్స్ బేకు కుదురుతాయని స్మిత్ చూపించాడు. లంగర్లు నాలుగూ అమరం (ఓడ వెనక భాగం) నుంచే దించడం చూసి కొందరు వింతపడతారు. ముందు నుంచి దించితే ఓడ గాలికి తిరిగి వెనక భాగం రాళ్లకు తగులుతుంది. వెనక నుంచి దించితే మూతి ఒడ్డు వైపే ఉంటుంది. పొద్దున తాళ్లు కోసి, చుక్కానుల కట్లు విప్పి, ముందటి చాప ఎత్తితే నేరుగా ఒడ్డుకే.

శాసనాలు:
కోసిన లంగర్లు సముద్రంలోనే ఉండిపోయాయి కాబట్టి వాటి కోసం వేట ఆగట్లేదు. చెక్క కుళ్లిపోతుంది, సీసపు అడ్డదూలం మిగులుతుంది. 2005లో మాల్టాలోని సలీనా అఖాతంలో దొరికిన దూలం మీద ఐసిస్, సరాపిస్ అని ఐగుప్తు దేవతల పేర్లున్నాయి. దాన్ని పౌలు ఓడకే కట్టబెట్టేస్తున్నారు చాలామంది. ఐగుప్తు ధాన్యపు ఓడలు ఏటేటా ఆ దారినే పోయేవి, వాటిలో దేనిదైనా కావచ్చు.