రైఫిల్ టిక్ మని ఊరుకుంటోంది, బ్యారెల్ ఎంత తోమినా అంతే

విసిగినవాడు:
ఐదు గంటలుగా దీంతోనే కూర్చున్నా. బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే వెనక ఉండే బోల్ట్ అనే కడ్డీని చేత్తో లాగి తోసి తూటా ఎక్కించేది. ట్రిగ్గర్ నొక్కితే టిక్ మంటుంది, అంతే, బుల్లెట్ పేలదు. పదిలో నాలుగు ఇలాగే పోతున్నాయి. బ్యారెల్‌లో రాడ్ ఎన్నిసార్లు తోశానో లెక్క లేదు, బ్రష్షు, సాల్వెంటు, గుడ్డముక్కలు అన్నీ అయిపోయాయి, చివరి గుడ్డ తెల్లగా వచ్చింది, లోపల అద్దంలా మెరుస్తోంది. అయినా అదే టిక్. పోయినవారం దాకా బాగానే ఉండేది. ఇంకేం తోమాలో చెప్పండి, తల పగిలిపోతోంది.

ముక్తసరి:
స్ప్రింగ్ మార్చు.

విసిగినవాడు:
ఏ స్ప్రింగ్?

ముక్తసరి:
బోల్ట్‌లోది.

మాటకారి:
ఒక్క మాట. ‘బుల్లెట్ పేలదు’ అని రాశారు. బుల్లెట్ ఎప్పుడూ పేలదండీ, అది ముందు ఉండే ముక్క మాత్రమే. ఇత్తడి డొప్ప, అడుగున ప్రైమర్, లోపల మందు, కొసన బుల్లెట్, ఈ నాలుగూ కలిస్తే తూటా. పేలేది ప్రైమర్, దాంతో మందు అంటుకుంటుంది. పేర్లు సరిగ్గా చెబితేనే జబ్బు సరిగ్గా దొరుకుతుంది.

నిదానం:
పేర్ల సంగతి తర్వాత చూద్దాం. టిక్ మన్నాక ఎంతసేపటికి బోల్ట్ తెరుస్తున్నారు?

విసిగినవాడు:
వెంటనే. టైమ్ ఎందుకు వేస్ట్?

నిదానం:
అదే వద్దు బాబూ. ప్రైమర్ ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది. సరిగ్గా అప్పుడే మీరు బోల్ట్ తెరిచారనుకోండి, డొప్ప మీ మొహం దగ్గరే చీలుతుంది. గొట్టం మూతి గురి వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, నేనైతే నిమిషం ఆగుతాను. ఇంకోటి, టిక్ బదులు ‘టప్’ మని నీరసంగా వినిపిస్తే అస్సలు రెండోది పెట్టకండి, బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఇక అసలు విషయం. పేలని తూటా ఒకటి తీసి వెనక ప్రైమర్ మీద గుంట ఎలా ఉందో చూడండి. పేలిన డొప్పది పక్కన పెట్టుకుని పోల్చండి.

పాత ఇనుము:
గుంటలు చూసే ముందు ఏ తూటాలు వాడుతున్నారో కనుక్కోవాలి కదా. పాత సైన్యం సరుకైతే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండొచ్చు. అది కాలితే మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఒక రకం ఉప్పు. గాలిలో తేమ పీల్చుకుని రాత్రికి రాత్రే గొట్టానికి తుప్పు పట్టిస్తుంది. జనం దాని మీద నూనె పూసి శుభ్రం చేశాం అనుకుంటారు. ఉప్పు నూనెలో ఎక్కడ కరుగుతుంది! నీళ్లు కావాలి, వేడివైతే ఇంకా మంచిది, త్వరగా ఆరుతుంది. ముందు నీళ్లు, తర్వాత ఆరబెట్టడం, ఆ తర్వాతే నూనె. రాడ్ కూడా మూతి వైపు నుంచి కాదు, వెనక తూటా కూర్చునే చాంబర్ వైపు నుంచి దూర్చాలి, మూతి అంచు అరిగితే గురి పోతుంది. ఎంత చెప్పినా వినరు.

విసిగినవాడు:
కొత్త ఫ్యాక్టరీ తూటాలే అన్నా, తుప్పూ లేదు. గుంట చూశాను. పేలినదానికి లోతుగా గిన్నెలా ఉంది. పేలనిదానికి పెన్ను మొనతో పొడిచినట్టు చిన్న చుక్క. రెండోసారి కొడితే కొన్ని పేలాయి.

మాటకారి:
అయితే దీన్ని మిస్‌ఫైర్ అనకూడదు, లైట్ స్ట్రైక్, అంటే నీరసపు దెబ్బ, అనాలి.

ముక్తసరి:
పేలనిదంతా మిస్‌ఫైరే. లైట్ స్ట్రైక్ దానికి కారణం.

మాటకారి:
కారణానికీ ఫలితానికీ తేడా చెప్పడమే నేను చేస్తున్నది.

నిదానం:
చుక్క అంటే బోల్ట్ లోపల ఉండి ప్రైమర్‌ని కొట్టే పిన్ను నీరసంగా తగులుతోందని. అయితే బ్యారెల్ అమాయకురాలు, మీరు ఐదు గంటలు తోమింది తప్పు చోట. ఒక్కటి చెప్పండి, పోయినవారం బోల్ట్‌కి ఏమైనా చేశారా? టిక్ మనేది ఎప్పుడూ ఒకేలానా, పొద్దున ఎక్కువా?

విసిగినవాడు:
ఆ, అది చెప్పలేదు కదూ. పోయినవారం బోల్ట్ వెనక నుంచి గ్రీజు బాగా కూరాను, మెత్తగా నడవాలని. పొద్దున చలిలో ఎక్కువగా పోతోంది, ఎండెక్కాక బాగానే ఉంది. దీనికీ దానికీ ఏం సంబంధం?

ముక్తసరి:
😐

నిదానం:
అదే సంబంధం. చలికి గ్రీజు గట్టిపడి పిన్నుని బురదలో కాలు దిగినట్టు పట్టుకుంటోంది. స్ప్రింగ్ తోసిన బలం సగం అక్కడే పోతోంది. మ్యాగజైన్, చాంబర్ రెండూ ఖాళీ అని కంటితో, వేలితో చూసుకుని బోల్ట్ బయటికి తీసి, విప్పండి. మాడల్ చెప్పలేదు మీరు, 98 మౌజర్ రకమైతే బోల్ట్ మూసి, సేఫ్టీని నిలువుగా నిలబెట్టి అప్పుడు బయటికి లాగాలి, వెనక భాగం మర తిప్పితే పిన్ను, స్ప్రింగ్ కలిసి వస్తాయి. స్ప్రింగ్ బిగువు మీద ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. మిగతా రకాలకు మాన్యువల్ చూడండి. విప్పాక సాల్వెంట్‌తో గ్రీజు మొత్తం కడిగి, బోల్ట్ లోపలి గొట్టాన్ని కూడా గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నూనె వేళ్ల మీద రెండు చుక్కలు రాసుకుని పిన్నుని పామితే చాలు. గ్రీజు బయట లగ్గుల (బోల్ట్‌ని బిగించి పట్టే బొడిపెలు) వెనక మాత్రమే, పలచగా. పిన్ను మొన విరిగిందో, గుండ్రంగా ఉందో అప్పుడే చూసుకోండి. ఇంత చేసినా చుక్కే పడితే అప్పుడు స్ప్రింగ్, ఆపైన హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటాని ఆపే చోటుకీ మధ్య దూరం, అది గేజ్ ఉన్న మేస్త్రీ చూడాల్సిందే.

ముక్తసరి:
స్ప్రింగ్ అని మొదటే చెప్పా.

పాత ఇనుము:
బోల్ట్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి లోపల ఉప్పు మరకలు ఉన్నాయేమో చూడండి.

విసిగినవాడు:
విప్పాను. అబ్బో, లోపల గోధుమరంగు మైనం, స్ప్రింగ్ చుట్ల మధ్య కూడా నిండిపోయింది, పిన్నుని నిలబెట్టి వదిలితే దానంతట అది జారట్లేదు. కడుగుతున్నా.

నిదానం (మూడు రోజుల తర్వాత):
ఏమైంది, కబురే లేదు?

విసిగినవాడు:
ఆ, సారీ, పేలుతోంది. థాంక్స్.

మాటకారి:
తుపాకీ పేలుతోందా, తూటానా?