ఉస్పెన్‌స్కాయాది ఎదుగుదలా, పతనమా?

పాతరీలు:
మరియా ఉస్పెన్‌స్కాయా గురించి నా అభిప్రాయం చెబుతాను. తిట్టదలచుకున్నవాళ్ళు తీరికగా తిట్టండి. మాస్కో ఆర్ట్ థియేటర్‌లో, నటనకు ఒక పద్ధతి ఏర్పరచిన రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ శిక్షణలో తయారైన నటి. ఆ బృందంతో అమెరికా వెళ్ళి, 1924లో న్యూయార్క్‌లోనే ఉండిపోయింది. అదే మాస్కో థియేటర్ నుంచి వచ్చిన బొలెస్లావ్‌స్కీ నడిపిన అమెరికన్ లాబొరేటరీ థియేటర్‌లో నటన నేర్పింది, 1929లో సొంత బడి పెట్టింది. అంతటి మనిషి 1941 నాటికి తోడేలు మనిషి సినిమాలో జిప్సీ ముసలిదిగా తేలింది! ఇది పతనం కాకపోతే మరేమిటి?

చూపరి:
నాకు ఆ జిప్సీ ముసలమ్మ మాత్రమే తెలుసు. బడి సంగతి ఇప్పుడే వింటున్నాను.

మూడోబెంచీ:
పాతరీలు గారూ, పతనం అనడానికి ముందు లెక్క సరిచూసుకోండి. ఆవిడ హాలీవుడ్‌కు వచ్చేసరికి అరవయ్యేళ్ళు. బడి నడపడానికి డబ్బు కావలసి వచ్చి సినిమాలు ఒప్పుకున్నారని అంటారు. 1934లో న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేలో వేసిన వేషాన్నే 1936లో ‘డాడ్స్‌వర్త్’ సినిమాలో మళ్ళీ వేశారు. కనిపించేది కాసేపే. అందులో తన కొడుకును పెళ్ళాడాలనుకున్న స్త్రీకి వయసు గుర్తుచేసి, మర్యాద గీత దాటకుండానే ఆ సంబంధాన్ని తెంచేస్తారు. సహాయ నటికి ఆస్కార్ ఇవ్వడం మొదలైన తొలి సంవత్సరమే ఆవిడకు నామినేషన్ వచ్చింది. 1939లో ‘లవ్ అఫైర్’కు మళ్ళీ వచ్చింది.

పాతరీలు:
రెండుసార్లూ బహుమతి రాలేదు. అది కూడా రాయండి.

మూడోబెంచీ:
రాలేదు. రాశాను. తృప్తా?

నల్లతెర:
అదే 1939లో ‘ద రెయిన్స్ కేమ్’లో ఈవిడే భారత మహారాణి. నోరు తెరిస్తే రష్యన్ యాస. దీని గురించి ఎవరూ మాట్లాడరేమిటి?

మూడోబెంచీ:
ఆ కాలపు హాలీవుడ్ అంతా అంతే. ఇక్కడ చర్చ అది కాదు.

నల్లతెర:
నాకు చర్చ అదే.

పాతరీలు:
సరే, నటన పక్కన పెట్టండి. గురువుగానే చూద్దాం. తర్వాత అమెరికాలో పేరుమోసిన నటన గురువులు లీ స్ట్రాస్‌బర్గ్, స్టెల్లా ఆడ్లర్ ఇద్దరూ ఆ లాబొరేటరీ థియేటర్‌లో చదివినవాళ్ళే. నటుడు సొంత జ్ఞాపకాలు తవ్వి భావం పైకి తీయాలని స్ట్రాస్‌బర్గ్. 1934లో పారిస్ వెళ్ళి స్తానిస్లావ్‌స్కీనే కలిసి వచ్చి, అది కాదు, పాత్ర ఉన్న పరిస్థితులూ ఊహా ముఖ్యమని ఆడ్లర్. ఒకే చోట పాఠం విన్న ఇద్దరు ఆపై ఏళ్ళ తరబడి తగువులాడుకున్నారు. ఏం నేర్పినట్టు?

మూడోబెంచీ:
శిష్యులు పోట్లాడుకుంటే పాఠం తప్పా? సిద్ధాంతం చెప్పింది ప్రధానంగా బొలెస్లావ్‌స్కీ. ఆవిడ చేయించింది అభ్యాసాలు. ఏకాగ్రత, లేని వస్తువును ఉన్నట్టు పట్టుకోవడం, అలాంటివి. హాలీవుడ్ తారలు జాన్ గార్‌ఫీల్డ్, ఆన్ బాక్స్‌టర్ కూడా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఇవన్నీ తెలియకుండా తీర్పులు చెప్పేవాళ్ళను చూస్తే జాలి వేస్తుంది. జీవితంలో ఒక్కసారైనా రంగస్థలం ఎక్కారా మీరు?

చూపరి:
మాటలు తగ్గించుకుంటే బాగుంటుంది.

పాతరీలు:
ఎక్కాను. రెండేళ్ళు ఒక గురువు దగ్గర నేర్చుకున్నాను కూడా. లేని గ్లాసులో లేని నీళ్ళు మూడు నెలలు తాగాను, దానికేం అనను. ఒకరోజు పదిమంది ముందు నిలబెట్టి, ఏడాది కిందట పోయిన మా నాన్నను తలచుకోమన్నారు. తలచుకున్నాను. ఏడ్చాను. ఆయన తల అడ్డంగా ఊపి ‘ఇంకా లోపలికి వెళ్ళు’ అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగిపోయింది. నటన కూడా ఆగిపోయింది. అందుకే ఈ పరంపర మొదలుపెట్టినవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

నల్లతెర:
మీ గురువు చేసినదానికి ఆవిడను బోనెక్కిస్తారా?

పాతరీలు:
ఆవిడ కూడా మెత్తని గురువు కాదు. క్లాసులో వణికించేదని చదవలేదా మీరు?

మూడోబెంచీ:
చదివాను. కఠినంగా ఉండటం వేరు, మనిషిని విరగ్గొట్టడం వేరు. నాన్నగారి విషయంలో జరిగింది తప్పే, నేను అడిగిన తీరు కూడా తప్పే, క్షమించండి. కానీ ఒక్క మాట. నేను పన్నెండేళ్ళుగా నాటకం నేర్పుతున్నాను. రెండు సీరియళ్ళలో పనిమనిషి వేషం వేశాను, క్లాసు గది అద్దె కట్టుకోవడానికి. మీరు ‘పతనం’ అన్నది ఉస్పెన్‌స్కాయానే కావచ్చు. నాకు మాత్రం నన్ను అన్నట్టే తగిలింది.

చూపరి:
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పాతరీలు:
మిమ్మల్ని అనలేదు. పతనం అన్న మాట వెనక్కి తీసుకుంటాను, జిప్సీ ముసలి మాట తీసుకోను, ఆ సినిమా నాకు నచ్చలేదు. ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. పోయినవాళ్ళను తలచుకోమనే అభ్యాసం మీ క్లాసులో ఉందా?

మూడోబెంచీ:
జ్ఞాపకాల అభ్యాసం ఉంది. చిన్నప్పుడు పోగొట్టుకున్న బొమ్మ, వర్షంలో తడిసిన రోజు, అలాంటివి. చావులు అడగను.

పాతరీలు:
మొదటినుంచీనా?

మూడోబెంచీ:
కాదు. ఒక పిల్ల క్లాసు మధ్యలో లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయినప్పటినుంచి.