అప్‌డేట్: మా ఇంటి ఫైర్‌బాల్ పంచాయితీ తెగింది

పోయిన వారం అడిగినా కదా, మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలేసి పాత్రలు నడిపే కథల ఆట) ఆటలో మా బామ్మర్ది ఒకే టర్న్‌లో బోనస్ యాక్షన్‌తో (మామూలు యాక్షన్ కాక దొరికే అదనపు చిన్న పని) మిస్టీ స్టెప్ (మాయమై ఇంకో చోట తేలే మంత్రం) వేసి, వెంటనే స్క్రోల్ (మంత్రం రాసిన కాగితపు చుట్ట) తీసి ఫైర్‌బాల్ (నిప్పుల గోళం మంత్రం) చదివేసినాడు, చెల్లుతుందా అని. "సాధారణ రూల్ మీద ప్రత్యేక రూల్‌దే పైచేయి" అన్నారు చాలామంది. మంచి మాటే, మా గొడవకు మాత్రం పనికిరాలా.

ఆదివారం కర్నూల్లో మా మిద్దె మీద ఉగ్గాని బజ్జి తింటా మా ఇద్దరి రూల్ పుస్తకాలూ పక్కపక్కన పెట్టినాం. నాది 2014ది. బోనస్ యాక్షన్‌తో స్పెల్ (మంత్రం) వేస్తే ఆ టర్న్‌లో ఇంక ఒక యాక్షన్ పట్టే కాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేయగలిగే చిన్న మంత్రం) తప్ప ఏదీ వేయకూడదు, స్క్రోల్ అయినా సరే. వాడిది 2024ది. టర్న్‌కు ఒక్క స్పెల్ స్లాటే (మంత్రాలకు ఇన్ని అని ఉండే కోటాలో ఒకటి) ఖర్చు చేయాల, అంతే. స్క్రోల్‌కు స్లాట్ పడదు కాబట్టి ఫైర్‌బాల్ చెల్లుతుంది. ఇద్దరమూ కరెక్టే! అంతసేపు అరుచుకున్నాం గానీ ఏ ఏడాది పుస్తకమో ఒక్కరూ చూడలా.

డంజన్ మాస్టర్‌ను (ఆట నడిపే మనిషి) నేనే కాబట్టి తేల్చేసినా: ఇకమీదట అందరికీ 2024 రూల్సే. ఆట మధ్యలో అనుమానమొస్తే నా మాట, పుస్తకం తెరిచేది ఆట అయినాకే. ఆ ఫైర్‌బాల్‌కు చచ్చిన గోబ్లిన్లు (ఆటలో చిన్న రాక్షసులు) చచ్చినట్టే.

గెలిచినా బామ్మర్ది మొహం మాడ్చుకున్నాడు. ఆటలో వాడి పాత్ర కొంచెం ఫైటర్ (యోధుడు) కూడా. 2024 రూల్స్‌లో యాక్షన్ సర్జ్‌తో (ఫైటర్‌కు అదే టర్న్‌లో ఇంకో యాక్షన్ ఇచ్చే శక్తి) స్పెల్ వేయనీరు మరి.