మొటిమల గుంటలకు ఎక్సోసోమ్: పెళ్ళి ముందు చేయించవచ్చా?

కృష్ణలంక అమ్మ:
మా అమ్మాయికి 24 ఏళ్ళు. మొటిమలు ఎప్పుడో తగ్గాయి కానీ బుగ్గల మీద గుంటలు మిగిలిపోయాయి. శ్రావణంలో పెళ్ళి. ఇక్కడ బెజవాడలో ఒక స్కిన్ క్లినిక్‌కి తీసుకెళ్తే, మైక్రోనీడ్లింగ్ అని సన్నటి సూదులతో గుచ్చి, పైన ఎక్సోసోమ్ వేస్తామన్నారు. నాలుగు సిట్టింగులు, ఒక్కోటి 9 వేలు. "మూలకణాల నుంచి తీసింది, కొరియాది, సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవు" అన్నారు. అడ్వాన్స్ కూడా కట్టేశాం. డబ్బు ఎలాగో సర్దుకుంటాం. మనిషి కణాల నుంచి తీసింది పిల్ల మొహంలోకి ఎక్కించడమంటేనే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట:
నేను గుంటూరులో మూడు సిట్టింగులు చేయించుకున్నానండీ. రెండు రోజులు ఎర్రగా ఉంది, అంతే. గుంటలు బాగా తగ్గాయి, అద్దంలో చూసుకుంటే ధైర్యంగా ఉంటోంది. కొత్త వైద్యం ఏది వచ్చినా మనవాళ్ళు ముందు భయపెడతారు. మంచి డాక్టర్ని చూసుకుని వెళ్ళండి.

స్కిన్ పీజీ:
అమ్మా, నేను గుంటూరులో డెర్మటాలజీ పీజీ చేస్తున్నాను. ఎక్సోసోమ్ అంటే కణం కాదు. కణం బయటికి వదిలే సన్నటి సంచి, సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటుంది. లోపల ప్రొటీన్లు, కొవ్వులు, ఆర్ఎన్ఏ ముక్కలు. ఒక కణం ఇంకో కణానికి పంపే కబురు అనుకోండి. ఆ కబురు అందితే చర్మం త్వరగా మానుతుందని ఆశ.

ఆ ఆశకు కొంత ఆధారం ఉంది, లేదనను. 2020లో ప్రచురించిన కొరియా అధ్యయనంలో 25 మందికి లేజర్ చేసి, మొహానికి ఒక పక్క ఎక్సోసోమ్ జెల్, రెండో పక్క అది లేని జెల్ రాశారు. ఎక్సోసోమ్ పక్క గుంటలు 32.5 శాతం తగ్గాయి, రెండో పక్క 19.9 శాతం. అంటే ఎక్సోసోమ్ లేకుండానే దాదాపు 20 శాతం తగ్గింది. అది లేజర్ చేసిన పని. మైక్రోనీడ్లింగ్ కూడా అంతే, సూది గుచ్చినందుకే చర్మం కొత్త కొలాజెన్ (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్) తయారు చేసుకుంటుంది. బ్రాడీపేట అక్క మొహంలో వచ్చిన మార్పులో సూదిది ఎంత, సీసాది ఎంత అన్నది ఎవరూ తేల్చలేరు.

నా భయం వేరే చోట ఉంది. చర్మం పై పొర కాపలా కాస్తుందన్న నమ్మకంతో చేసినవి రాసుకునే సీరమ్‌లు. సూదులతో మొహమంతా రంధ్రాలు చేశాక ఆ కాపలా ఉండదు. లోపలికి వెళ్ళే మందుకు ఉండాల్సిన స్టెరిలిటీ, అంటే క్రిములేవీ లేని శుభ్రత, రాసుకునే సీసాకు అక్కర్లేదు. 2014లో ప్రచురించిన నివేదిక ప్రకారం అమెరికాలో ముగ్గురు మహిళలకు మైక్రోనీడ్లింగ్‌తో పాటు పైన రాసిన వాటి వల్ల మొహం మీద గ్రాన్యులోమాలు, అంటే గట్టి ఎర్ర గడ్డలు వచ్చాయి. వాటిలో ఒకటి విటమిన్ సి సీరమే. రోజూ రాసుకుంటే ఏమీ చేయనిది లోపలికి దిగాక అలా చేసింది.

బ్రాడీపేట:
ఎక్కడో ముగ్గురికి జరిగిందని అందరినీ ఆపుతారా? కొరియావాళ్ళు వాడుతూనే ఉన్నారు కదా.

స్కిన్ పీజీ:
ఆపమనడం లేదక్కా, అడగమంటున్నాను. మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఇంతవరకు ఒక్క ఎక్సోసోమ్ ఉత్పత్తినీ ఆమోదించలేదు. నెబ్రాస్కాలో కొందరు రోగులకు తీవ్రమైన ఇబ్బందులు వచ్చాక 2019 డిసెంబరులో ప్రజలకు హెచ్చరిక ఇచ్చింది. వాళ్ళంతా మొహానికి చేయించుకున్నవాళ్ళని నేను అనడం లేదు. యూరప్‌లో మనిషి కణాల నుంచి తీసినవాటిని కాస్మెటిక్స్‌లో వాడటమే నిషేధం. గులాబీ లాంటి మొక్కల నుంచి తీసినవీ బజార్లో ఉన్నాయి. అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తారు. మీకు వేసింది ఏదో మీకు చెప్పారా?

బ్రాడీపేట:
లేదు. నేను అడగలేదు.

మెడికల్ షాపు:
సూర్యారావుపేటలో షాపు నాది. డాక్టర్ని కాదు కాబట్టి వైద్యం గురించి మాట్లాడను. డబ్బా గురించి చెప్తాను. 2020 నాటి మన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం బయటి దేశం కాస్మెటిక్‌కు దిగుమతి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు లేబుల్ మీద కనపడాలి. అది లేని సరుకు ఎవరి బ్యాగులో వచ్చిందో, దారిలో ఎంత ఎండ తిన్నదో ఎవరికి తెలుసు? మే నెల బెజవాడ ఎండలో ఇన్సులిన్‌నే ఐస్ ప్యాక్ పెట్టి పంపిస్తాం మేము. సీల్ మీ కళ్ళ ముందే విప్పమనండి. ఒకరికి విప్పిన సీసా ఇద్దరికి పంచితే ఒప్పుకోవద్దు.

స్కిన్ పీజీ:
ఇంకో మాట అమ్మా. మన ఛాయకు సూది తర్వాత నల్ల మచ్చలు పడే అవకాశం ఎక్కువ. నెలలకొద్దీ ఉండిపోతాయి. పెళ్ళికి దగ్గర్లో కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. సన్నగా లోతుగా ఉన్న గుంటకు ఒక వైద్యం, వెడల్పు గుంటకు ఇంకొకటి. ముందు అవి ఏ రకమో చూపించుకోండి.

కృష్ణలంక అమ్మ:
క్లినిక్‌కి ఫోన్ చేసి డబ్బా ఫొటో అడిగాను. మొదట "అవన్నీ మీకెందుకండీ" అన్నారు. రెండోసారి అడిగితే పంపారు. "పై పూతకు మాత్రమే" అని ఇంగ్లీషులో రాసి ఉంది. దిగుమతి నంబరు ఎక్కడా లేదు. గుంటూరులో వేరే చర్మ డాక్టర్ గారి దగ్గర గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మా అమ్మాయి అలుగుతుందనుకున్నా. ఫొటో తన ఫోన్‌కి పంపించుకుని, పెద్దది చేసుకుని చదివింది. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమని తనే ఫోన్ చేసింది.