పెద్ద సింబల్స్ అవసరం కొద్దీ కొంటున్నామా, పేరున్న డ్రమ్మర్లను చూసి కొంటున్నామా?

లయవాది, హైదరాబాద్:

ఈ మధ్య పెళ్లి వేదికల మీద, కాలేజీ బ్యాండ్లలో డ్రమ్ కిట్ల సింబల్స్‌ను, అంటే స్టాండ్ల మీద నిలిపే కంచు పళ్లాలను, గమనిస్తే ఒక మార్పు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. 16, 18 అంగుళాల క్రాష్‌లు (పాటలో ముఖ్యమైన చోట ఒక్కసారిగా కొట్టే సింబల్స్) ఉండే స్టాండ్ల మీదికి 20, 22 అంగుళాలవి ఎక్కుతున్నాయి. 20 అంగుళాల రైడ్ (తాళం నడుపుతూ వరుసగా వాయించే సింబల్) ఉన్నచోటికి 24 అంగుళాలది వస్తోంది. ఎందుకు మార్చారని అడిగితే చాలామంది తమ హాలు గురించి గానీ తాము వాయించే పాటల గురించి గానీ మాట్లాడరు, ఎవరో ఒక ప్రసిద్ధ డ్రమ్మరు పేరు చెబుతారు. లెడ్ జెప్పెలిన్ బ్యాండు డ్రమ్మరు జాన్ బోనమ్ పైస్టే కంపెనీ వారి ‘2002’ అనే శ్రేణిలోని 24 అంగుళాల రైడ్ వాయించిన మాట నిజమే. కానీ ఆయన దాన్ని 26 అంగుళాల బేస్ డ్రమ్ పక్కన పెట్టుకుని, వేలమంది నిండిన ప్రాంగణాల్లో, పెద్ద పెద్ద గిటార్ ఆంప్లిఫయర్ల హోరుకు దీటుగా వాయించాడు. మూడు వందల మంది పట్టే ఫంక్షన్ హాల్లో ఆ కొలతతో మనకేం పని?

ఈ మోజు చెవి నుంచి కాక ప్రచారం నుంచి పుట్టిందని నా అభిప్రాయం. రష్ బ్యాండు డ్రమ్మరు నీల్ పియర్ట్ దశాబ్దాల పాటు జిల్జియన్ కంపెనీ సింబల్స్ వాయించి, 2000 దాటాక సేబియన్ కంపెనీకి మారాడు. డ్రమ్స్ విషయంలోనైతే స్లింగర్లాండ్, టామా, లుడ్విగ్, డీడబ్ల్యూ వరుసగా మారాయి. ఏ దశలో విన్నా అది ఆయన చేతి వాయిద్యమేనని తెలిసిపోతుంది. అలాంటప్పుడు కంపెనీ పేరుకూ కళాకారుడి సంతకానికీ అంత డబ్బు పోయడం సబబేనా? ఇతరులు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

కంచుమోత, విజయవాడ:

లయవాది గారూ, ఎండార్స్‌మెంట్ల (కళాకారులు కంపెనీ వాద్యాన్ని వాయిస్తూ దానికి ప్రచారం చేసే ఒప్పందాల) సంగతి వేరే మాట్లాడుకుందాం. పెద్ద సింబల్‌ను మోజు అనడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. సింబల్ కొలత ఎప్పుడూ సంగీతం అడిగినట్టే మారింది. 1930లలో జీన్ క్రూపా వంటి జాజ్ డ్రమ్మర్లు త్వరగా పలికే సింబల్స్ కావాలని కోరినందువల్లనే అమెరికాలో అవెడిస్ జిల్జియన్ పలుచటివి తయారుచేశాడు. 1940లలో కెన్నీ క్లార్క్ తరం వాళ్లు కాలగతిని నడిపే పనిని రైడ్ మీదికి మార్చిన తరువాత, స్టిక్ దెబ్బ విడిగా వినబడుతూ వెనుక సన్నని మోత నిలిచే వెడల్పాటి సింబల్ కావలసి వచ్చింది. టోనీ విలియమ్స్ 22 అంగుళాల కె జిల్జియన్ రైడ్‌ను చిన్న చిన్న జాజ్ క్లబ్బుల్లోనే వాయించాడు. పెద్ద సింబల్‌కు పెద్ద మైదానమే కావాలన్న వాదన అక్కడే నిలవదు.

ఇక పెద్దదైతే చెవిలో గుచ్చుకుంటుందన్న అపోహ ఉంది. చదునైన పలక స్థాయి (అంటే శ్రుతి, స్వరం ఎత్తు) దాని మందంతో పాటు పెరుగుతుంది, వ్యాసపు వర్గంతో పాటు తగ్గుతుంది. మందం ఒకటే అనుకుంటే 20 అంగుళాల నుంచి 24కు వెళ్లినప్పుడు స్థాయి దాదాపు 30 శాతం దిగుతుంది, బరువు 44 శాతం పెరుగుతుంది. సింబల్‌కు వంపూ, మధ్యలో గుబ్బలాంటి బెల్లూ ఉంటాయి కాబట్టి లెక్క కొంత మారుతుంది గానీ దిశ మారదు. పలుచని 22 అంగుళాల క్రాష్ లోతుగా, మెత్తగా పలుకుతుంది. బరువైన 18 అంగుళాలది చెవిలో గుచ్చుకుంటుంది. పాడేవాళ్ల పక్కన కూర్చుని వాయించేవాడికి ఈ రెంటిలో ఏది మేలో మీరే చెప్పండి.

ఆదివారపు డ్రమ్మర్, గుంటూరు:

కంచుమోత అన్నా, స్థాయి గురించి మీరు చెప్పింది సరే, కానీ మోత ఎంతసేపు నిలుస్తుందన్న విషయాన్ని మీరు దాటవేశారు. నేను వాయించేది చర్చిలో. పైన స్లాబు, కింద టైల్స్, నాలుగు వైపులా నున్నటి గోడలు, తెరలు లేవు, తివాచీ లేదు. అటువంటి గదిలో 20 అంగుళాల క్రాష్ ఒకసారి కొడితే తరువాతి చరణం మొదలయ్యేదాకా దాని మోత ఆగదు. పాస్టరు గారు మాట్లాడుతుండగా వెనుక మెల్లగా రైడ్ వాయించినా మాటలు అలుక్కుపోతాయి. పెద్ద సింబల్ లోతుగా పలకడం ఒక సుగుణమే. అయితే ఎక్కువసేపు మోగడం కూడా దానితో పాటే వస్తుంది, ఆ రెండోది మా హాల్లో మొదటిదాన్ని మింగేస్తుంది. మా బ్యాండులో ఒక తమ్ముడు వీడియోల్లో చూసి 22 అంగుళాల క్రాష్‌లు రెండు తెచ్చుకున్నాడు. వాటి అంచుల మీద టేపు అంటించి వాయిస్తున్నాడు. అంత ఖరీదు పెట్టి కొన్నదాని నోరు నొక్కవలసి వస్తే, ఆ కొలత ఆ గదికి తగలేదనే అర్థం.

మైకులవాడు, విశాఖపట్నం:

సౌండ్ పని చేసేవాడిగా ఒక్క సంగతి చెబుతాను. చిన్న వేదిక మీద సింబల్ శబ్దం డ్రమ్స్ పైన అమర్చే ఓవర్‌హెడ్ మైకుల్లోనే కాదు, గాయని చేతిలోని మైకులోనూ పడుతుంది. ఆమె గొంతు పెంచితే సింబల్ కూడా పెరుగుతుంది. దాన్ని తగ్గించే మీట నా బల్ల మీద లేదు, డ్రమ్మరు చేతిలోనే ఉంది. మెల్లగా వాయించడం వచ్చినవాడు 24 అంగుళాల రైడ్ తెచ్చినా నాకు అభ్యంతరం లేదు.

తాళప్రియ, డాలస్:

ఎండార్స్‌మెంట్ అనగానే డబ్బు మూట ఊహించుకోవడం సరికాదు. అందులో చాలా మెట్లు ఉన్నాయి. కింది మెట్టు మీద ఉన్న కళాకారులకు దక్కేది తగ్గింపు ధర మాత్రమే. సింబల్స్ తమ డబ్బుతోనే కొంటారు, బదులుగా వేదిక మీద వేరే కంపెనీ సింబల్ పెట్టకూడదన్న షరతుకు లోబడతారు. పై మెట్టు మీద ఉన్న కొద్దిమందికే ఉచిత సరుకు, సొంత పేరుతో వచ్చే సింబల్ అమ్మకాల్లో వాటా ఉంటాయి. అసలు ఒప్పందమే లేకుండా జరిగిన ప్రచారం కూడా ఉంది. బీటిల్స్ బ్యాండు డ్రమ్మరు రింగో స్టార్ 1963లో లండన్‌లోని డ్రమ్ సిటీ దుకాణంలో లుడ్విగ్ కిట్ తీసుకున్నప్పుడు బేస్ డ్రమ్ మీద ఆ పేరు ఉండాలన్నది బేరంలో భాగమేగానీ లుడ్విగ్ ఆయనకు పైకం ఇవ్వలేదు. 1964 ఫిబ్రవరి 9న ఆ కిట్‌ను అమెరికాలో టీవీ ముందు కూర్చున్న సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. ఆ తరువాత లుడ్విగ్ కర్మాగారానికి తీరిక లేకుండా పోయింది.

పేరు వెనుక పని ఉన్న సందర్భాలనూ లయవాది గారు లెక్కలోకి తీసుకోవాలి. పియర్ట్ సేబియన్‌కు మారినప్పుడు తన చెవికి నచ్చేదాకా నమూనాలు చేయించుకున్న తరువాతే పారగాన్ శ్రేణి బయటికి వచ్చింది. స్టీవ్ గాడ్ సంతకంతో జిల్జియన్ తెచ్చిన రైడ్ 18 అంగుళాలదే. కాబట్టి ప్రసిద్ధులందరూ పెద్దవే అమ్ముతున్నారన్న మాట నిలవదు. ఇంకొక విషయం కూడా ఉంది. 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం కలిసిన బి20 కంచు తప్ప మరేదీ సింబల్ కాదని మనవాళ్లు తేల్చేస్తుంటారు; బోనమ్ వాయించిన పైస్టే 2002 శ్రేణిది మాత్రం 8 శాతమే తగరం ఉన్న బి8 కంచు. ఆయన పేరు చెప్పుకుని 24 అంగుళాలు కొన్నవాళ్లే బి8ను పిల్లల సరుకని కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది.

కంచుమోత, విజయవాడ:

ఆదివారపు డ్రమ్మర్ తమ్ముడూ, మీ హాలు గురించి మీరు చెప్పినదాన్ని నేను కాదనను. టేపు బదులు, తరిణె (లేత్ యంత్రం) పట్టకుండా నల్లగా వదిలేసిన పొడి రకం సింబల్ ఒకటి ప్రయత్నించండి. వెడల్పు ఎక్కువున్నా మోత త్వరగా చస్తుంది. కొనేముందు అంగుళాలతో పాటు గ్రాములు అడగండి. ఒకే శ్రేణిలోని రెండు 22 అంగుళాల రైడ్‌ల మధ్య కూడా బరువులో చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది, శబ్దంలో తేడా అక్కడి నుంచే మొదలవుతుంది.

లయవాది, హైదరాబాద్:

కొలత విషయంలో కంచుమోత గారి మాట నాకు చాలావరకు సమ్మతమే. గది, బరువు, చేయి చూసుకుని కొన్నవాడికి 24 అంగుళాలు కూడా పెద్దది కాదు. ఎండార్స్‌మెంట్ మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. తాళప్రియ గారు చెప్పిన మెట్లు మనకు తెలుసు, వీడియో చూసే పదిహేనేళ్ల కుర్రవాడికి తెలియవు. తగ్గింపు ధరకు వచ్చిన సింబల్‌ను ముందు పెట్టుకుని ఇంతకంటే మంచిది లేదని చెప్పేవాడు ఆ తగ్గింపు సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, చూసేవాళ్లు ఊహించని ఆర్థిక సంబంధం కంపెనీతో ఉన్నప్పుడు దాన్ని వెల్లడించాలి. వాద్యాల గురించి తెలుగులో వీడియోలు చేసే మనవాళ్లలో ఆ ఒక్క వాక్యం చెప్పేవాళ్లు నాకు అరుదుగానే కనబడ్డారు. ఇక్కడ అటువంటి ఒప్పందం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇకపై ఏ సింబల్ గురించి రాసినా మొదటి వరుసలోనే ఆ సంగతి రాయాలని కోరుతున్నాను.