బీటెక్ ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను ఎంత కట్టాలి?

ప్రశ్న (దేవరకొండ):
మా చెల్లికి ఎప్‌సెట్‌లో 22 వేల ర్యాంకు. బీసీ-డి, కన్వీనర్ కోటాలోనే సీటొచ్చింది. ఫీజు 80 వేలు. కాలేజీవాళ్లేమో "మొత్తం ముందు కట్టండి, గవర్నమెంటు ఇచ్చాక వాపసిస్తాం" అంటున్నారు. మాకున్నది బత్తాయి తోట ఒక్కటే, ఈసారి కాయకు ధర లేదు. అసలు ప్రభుత్వం ఎంతిస్తుంది?

జవాబు (నల్గొండ, మీసేవ):
తమ్ముడూ, బీసీలకు ర్యాంకు 10 వేలలోపుంటే పూర్తి ఫీజు. దాటితే మామూలుగా ఏడాదికి 35 వేలే. మిగతా 45 వేలు మీ మీదే. ఆదాయం ఊళ్లో అయితే లక్షన్నర దాటొద్దు, పట్నంలో 2 లక్షలు. ఈ-పాస్‌లో (ఫీజు రీయింబర్స్‌మెంట్ వెబ్‌సైట్) దరఖాస్తు పెట్టేముందు పేర్లు చూసుకో. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. మా కౌంటర్ దగ్గర చాలామంది అక్కడే ఆగిపోతారు.

జవాబు (జడ్చర్ల):
ఆ 35 వేలు కూడా ముందే కట్టమంటే, రాగానే తిరిగిస్తామని రసీదు మీద రాయించుకో బాబూ. నోటిమాట నమ్మొద్దు. బకాయి రాలేదని మావాడి మెమోలు పాసైన తర్వాత కూడా ఆపారు, ఉద్యోగంలో చేరేముందు అప్పు తెచ్చి కట్టాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే చెప్పింది, వినేదెవరు?

ప్రశ్న వేసినవారు:
థ్యాంక్స్ అన్నా, అంకుల్. ఆ 45 వేలకు బ్యాంకు లోన్ అడగొచ్చా?

జవాబు (నల్గొండ, మీసేవ):
అడుగు. విద్యా రుణం 4 లక్షల దాకా తాకట్టు లేకుండానే ఇస్తారు. నాన్నను వెంట తీసుకెళ్లు, ఆయన సంతకం కావాలి.